పోయొస్త అనని ప్రయాణం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాటతో మొదలుపెట్టేవాళ్లను నేనూ నమ్మను, కాబట్టి మీరు నన్ను నమ్మకపోయినా తప్పులేదు. నేను మెషీన్ ఫిట్టర్‌ని. హైదరాబాద్ కాటేదాన్‌లో బిస్కెట్ ప్యాకింగ్ మెషీన్లు తయారుచేసే ఒక షెడ్డులో పదహారేళ్లు పనిచేశాను. మెషీన్‌లో చప్పుడు వస్తోందంటే ఎక్కడో ఒక బోల్టు వదులైనట్టు. బోల్టు దొరకలేదంటే మనం సరిగ్గా వెతకనట్టు. నా బతుకంతా ఈ రెండు మాటల మీదే నడిచింది.

అనుమానం పెనుభూతం అంటారు. నాకు తెలిసిన భూతం అదొక్కటే. కూరగాయల తూకం నుంచి కండక్టర్ ఇచ్చిన టికెట్ దాకా అన్నీ రెండుసార్లు చూసుకునే రకాన్ని. మా అక్క యాదమ్మ నలుగురిలో నన్ను చూపించి, "వీడు తల్లి పాలు గూడ వాసన జూసినంకనే తాగిండు" అని నవ్వేది.

మాది శంషాబాద్ పక్కన సాతంరాయి. నాకు ఆరేళ్లప్పుడు మా బాపు ఒక పొద్దున సైకిల్‌కు కూరగాయల గంప కట్టుకొని, గడప దగ్గర చెప్పులేసుకుంటూ "పోతున్న" అని వెళ్లాడు. బెంగళూరు రోడ్డు మీద లారీ గుద్దింది. మా ఇళ్లల్లో బయటికెళ్లేవాళ్లు ఉత్తగా పోతున్న అనరు, పోయొస్త అంటారు. ఆ రోజు బాపు వస్త అనలేదని, అందుకే రాలేదని అప్పటికి పద్నాలుగేళ్ల మా అక్క మనసులో నాటుకుపోయింది. అమ్మ కూలికి పోతే నన్ను సాకింది అక్కే. నేను బడికి పోయినా, పాల ప్యాకెట్‌కు పోయినా గడప దగ్గర ఆ మాట అనిపించుకొని గాని వదిలేది కాదు. లారీకి బ్రేకు పడక బాపు పోయాడని, మాటలకు మనుషులు చావరని నేను ఫిట్టర్‌నయ్యాక ఎన్నోసార్లు చెప్పాను. అంతా వింటుంది. విని, "సరే, పోయొస్త అను" అంటుంది.

2012 చలికాలంలో మా షెడ్డులో చేసిన ఒక మెషీన్‌ను మొరాకో దేశంలో మరాకేష్ అనే ఊరి ఫ్యాక్టరీ కొనుక్కుంది. దాన్ని బిగించి, నడిపి చూపించి రావడానికి నన్ను మూడు వారాలు పంపారు. విమానం ఎక్కడం అదే మొదలు. ఎయిర్‌పోర్ట్ మా ఇంటికి కూతవేటు దూరమే అయినా, నాలుగేళ్లుగా మా మిద్దె మీంచి పోయే విమానాల పొట్టలు చూడటమే గాని లోపలికి అడుగుపెట్టింది లేదు.

అక్క, బావ నర్సింగ్ నన్ను దింపడానికి వచ్చారు. బావ ట్రాక్టర్ నడుపుతాడు. పెళ్లిళ్లలో ఊళ్లోవాళ్ల గొంతులన్నీ అచ్చం వాళ్లలాగే దింపి నవ్విస్తాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

ఆ పొద్దున నా ధ్యాసంతా చేతిసంచిలోని స్పానర్ల మీదే ఉంది. వాటిని లోపలికి రానిస్తారో లేదో, లాగేసుకుంటే అక్కడ పనెలాగో అని ఒకటే గుబులు. తలుపు దగ్గర జవాను టికెట్ చూసి లోపలికి పొమ్మన్నాడు. నేను వెనక్కి తిరిగి "పోతున్న" అన్నాను.

అన్నాక గాని తెలియలేదు. అక్క ముఖం పాలిపోయింది. వెనక జనం తోసుకొస్తుంటే లోపలికి నడిచేశాను. అక్క అద్దం దగ్గరికి ఉరికొచ్చి అరచేత్తో కొట్టింది. మాట వినబడలేదు గాని పెదవులు కదలడం కనబడింది. ఏం అడుగుతోందో నాకు తెలుసు. జవాను ఆమెను వెనక్కి జరగమంటున్నాడు. టై కట్టుకున్నవాళ్లు ఆగి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. అర్థం కానట్టు చెయ్యి ఊపి వెళ్లిపోయాను.

మరాకేష్‌లో నా ఫోను పనిచేయలేదు, రోమింగ్ వేయించుకోలేదు. దాన్ని ఆపేసి హోటల్ గదిలో పెట్టెలో పడేశాను. ఇంటికి మాట్లాడాలంటే ఫ్యాక్టరీ సందు మొదట్లో ఉన్న ఫోన్ల దుకాణానికి పోవాలి. చేతి గడియారాన్ని మాత్రం మన టైములోనే ఉంచాను. ఒకసారి తిప్పితే మళ్లీ సరిగ్గా కలుస్తుందో లేదోనని అనుమానం. ఐదున్నర గంటలు తీసేసి చూసుకునేవాణ్ని.

మొదటి వారం పనిలోనే గడిచింది. అక్కడివాళ్ల మాటల్లో అప్పుడప్పుడు మన వైపు మాటలు తగిలేవి. కుర్చీని కుర్సీ అంటారు, సబ్బును సాబూన్ అంటారు, దునియా అంటే దునియానే. ఈ మాటలు పట్టుకొని, నాకొచ్చిన హైదరాబాద్ ఉర్దూ, విరిగిన ఇంగ్లీషు కలిపి నెట్టుకొచ్చాను.

ఆదివారం ఫ్యాక్టరీ బందు. రెండు గంటల దూరంలో మంచుకొండల కింద ఒక లోయ ఉందని, వాగు, జలపాతాలు ఉంటాయని, టూరిస్టు బస్సులో కాకుండా జనం ఎక్కే టాక్సీలో పోతే చౌకగా అయిపోతుందని అక్కడి ఎలక్ట్రీషియన్ చెప్పాడు. ఆ టాక్సీ ఒక పాతకాలపు పెద్ద కారు. మన శంషాబాద్ సెవెన్ సీటర్ ఆటోలాగే నిండితే గాని కదలదు. ముందు సీట్లో డ్రైవర్ పక్కన ఇద్దరం, వెనక నలుగురు. నా ఒళ్లో నాది కాని ఉల్లిగడ్డల సంచి ఒకటి. అందులో ఉల్లిగడ్డలే ఉన్నాయా అని నొక్కి చూశాను, అవే ఉన్నాయి.

ఎర్రమట్టి గోడల ఊళ్లు, ఆలివ్ తోటలు దాటాక రోడ్డు వాగు వెంబడే కొండల్లోకి దూరింది. రోడ్డు పక్కన బొగ్గుల పొయ్యిల మీద మట్టి మూకుళ్లలో కూరలు ఉడుకుతున్నాయి. రోడ్డు అయిపోయిన చోట దిగాం. నీళ్లలోనే కుర్చీలు వేసి టీలు అమ్ముతున్నారు. వాగు దాటడానికి తాళ్లు, చెక్కలతో కట్టిన వంతెనలు. చెక్కలకు మేకులు సరిగ్గా దిగాయో లేదో చూసుకొని గాని నేను కాలు పెట్టలేదు.

అవతల ఒడ్డున హసన్ అనే అతను నన్ను పట్టుకున్నాడు. వద్దన్నా వెంటే వచ్చాడు. నేను ఇండియా అని తెలియగానే ఒక హిందీ పాట అందుకున్నాడు. చౌకలో వచ్చినవాణ్ని చూసి ఇంత ప్రేమ ఎందుకని జేబు మీద చెయ్యి వేసుకొని నడిచాను. జలపాతం దారిలో తన మేనత్త ఇల్లుందని, టీ తాగి పోదామని లోపలికి తీసుకుపోయాడు. ఇక తివాచీలు పరిచి కొనమంటారని నేను గట్టిగా సిద్ధమయ్యాను.

ఎవరూ ఏమీ అమ్మలేదు. మట్టి మిద్దె, చల్లటి చీకటి గది. ఎత్తు నుంచి పుదీనా టీ పోసి ఇచ్చారు. వచ్చినవాళ్లు తమ భాషలో నాలుగు మాటలు రాసే నోటుబుక్కు ఒకటి చేతికిచ్చారు. నేను మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాను. ఫ్రెంచి, స్పానిష్ లాంటివి, ఒక చోట రెండు లైన్ల హిందీ ఉన్నాయి. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. నన్నూ రాయమన్నారు. సంతకం దేనికి వాడుకుంటారోనని రాయలేదు.

గది మూలలో ఒక ముసలామె గోడకానుకొని కూర్చుంది. గడ్డం మీద పచ్చబొట్టు. మా ఊళ్లో పాతకాలపు అవ్వలకు ఉండేలాంటిదే. నేను చూసి నవ్వాను, ఆమె నవ్వలేదు.

టీ అయ్యాక లేచి, వాళ్ల మాటలో షుక్రన్ అని థాంక్స్ చెప్పి, గడప దగ్గర కూర్చొని బూట్లు వేసుకున్నాను. లేవబోతుంటే నా చొక్కా ఎడమ చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

"పోయొస్త అను."

స్పష్టంగా వినబడింది. ఆడగొంతు. పెద్దగా అన్నది కాదు, చెవి పక్కనే అన్నట్టు ఉంది. తిరిగి చూస్తే ఆ ముసలామె. ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు. ఆమె పెదవులు కదిలాయా అంటే చెప్పలేను. నేను చూసింది నా చొక్కాను పట్టుకున్న వేళ్లను. గొంతు ఎలాంటిదంటే, ముసలి గొంతు మాత్రం కాదు. అంతవరకే చెప్పగలను.

నాకు మొదట వచ్చింది కోపం. హిందీ పాటలు నేర్చుకున్నవాళ్లు తెలుగు మాట ఒకటి నేర్చుకోలేరా, ఇదొక టూరిస్టు ఆట అనుకున్నాను. లేదంటే కుర్సీ, సాబూన్ లాగా వాళ్ల భాషలోనూ అలాంటి మాట ఏదో ఉందనుకున్నాను. చెయ్యి లాగాను. రాలేదు. రెండోసారి అదే మాట వినబడింది. మూడోసారి వినబడినప్పుడు ఎయిర్‌పోర్ట్ అద్దం, దాని మీద అక్క అరచెయ్యి కళ్ల ముందుకొచ్చాయి. ఏడుపొచ్చినంత పనైంది.

"జర ఇడువు అవ్వా, పోయొస్త" అన్నాను.

ఆమె వెంటనే వదిలేసింది. నలిగిన చొక్కా చెయ్యిని అరచేత్తో సాపు చేసి మూలకు వెళ్లి కూర్చుంది. చొక్కా పైకి జరిగి గడియారం కనబడుతోంది. ఐదూ పది. అంటే అక్కడ పొద్దున పదకొండూ నలభై.

బయటికొచ్చాక హసన్‌ను అడిగాను, పోయొస్త అంటే మీ భాషలో ఏమిటని. అలాంటి మాటే లేదన్నాడు. మరి మీ అవ్వ అన్నదే అన్నాను. అతను నడవడం ఆపేశాడు. వాగు పొంగిన ఏడాది నుంచి ఆమె నోరు విప్పలేదని, ఇంట్లోవాళ్లే ఆమె గొంతు మరిచిపోయారని చెప్పాడు. బక్షీస్ కోసం కథ చెబుతున్నాడనుకున్నాను. అయితే జలపాతం దాకా రాకుండా, ఏమీ అడగకుండా అక్కడి నుంచే వెనక్కి పోయాడు. నాకూ ఇక పైకి పోవాలనిపించలేదు. తిరుగు టాక్సీ ఎక్కేశాను. ఈ సంగతి ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని.

మంగళవారం ఫోన్ల దుకాణానికి వెళ్లి ఇంటికి చేశాను. బావ ఎత్తాడు.

"ఆదివారం ఫోన్ జేసి మంచి పని జేసినవ్ రా శీనూ. లేకుంటే మీ అక్క దక్కకపోవు."

నేను ఆదివారం ఫోన్ చేయలేదన్నాను.

"మజాక్ చాలు తియ్" అన్నాడు బావ.

జరిగింది ఇది. ఆదివారం తెల్లవారాక అక్కకు కడుపులో విపరీతమైన నొప్పి మొదలైంది. దవాఖానకు తీసుకుపోతే పేగు మెలిక పడిందని, సాయంత్రంలోపు ఆపరేషన్ చేయాలని, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టర్ చెప్పాడు. అక్క ఒప్పుకోలేదు. నొప్పికి మెలికలు తిరుగుతూ కూడా మంచం పట్టీ వదల్లేదు. "తమ్ముడు పోతున్న అని పోయిండు. మాట సగంల ఉన్నది. గిప్పుడు నేను కండ్లు మూస్తే ఇద్దర్ల ఒకరం రాం" అని ఒకటే మాట. బావ బతిమాలాడు, తిట్టాడు, ఏడ్చాడు. నా ఫోను కలవలేదు. సాయంత్రం ఐదు దాటాక నేను ఫోన్ చేశానట. ఆ తర్వాత నవ్వుకుంటూ స్ట్రెచర్ ఎక్కిందట.

రిసీవర్ పెట్టేసి, డబ్బులు కట్టి బయటపడ్డాను. దుకాణం నుంచి హోటల్‌కు నడిచేలోపే బోల్టు దొరికింది. బావ. ఎవరి గొంతైనా దింపే మనిషి. ఇంకెవరిదో ఫోను తీసుకొని నా గొంతుతో మాట్లాడి అక్కను ఒప్పించాడు. మంచి పనే చేశాడు. ఇప్పుడు గుట్టు బయటపడకూడదని నన్నూ నమ్మిస్తున్నాడు. అంత బాగా కుదిరాక ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రెండు వారాల తర్వాత ఇల్లు చేరాను. అక్క మంచం మీద దిండుకు ఆనుకొని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి కాసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. అద్దం దగ్గర చెయ్యి ఊపి పోయినందుకు తప్పైందన్నాను. అక్క కళ్లు తుడుచుకొని, ఎప్పటిలాగే ఎత్తిపొడిచింది.

"అదంత పోనియ్ గని, ఫోన్ల నన్ను అవ్వ అన్నవేందిరా? నేను గంత ముసల్దాన్ని అయిన్నా?"

ఫోనులో నేనేమన్నానని అడిగాను.

"జర ఇడువు అవ్వా, పోయొస్త అన్నవ్. నేనేం పట్టుకున్ననని ఇడువుమన్నవో. ఎనుక వాగు పారినట్టు ఒకటే సప్పుడు."

ముసలామె సంగతి అప్పటికి హసన్‌కు తప్ప ఒక్కరికీ చెప్పలేదు. లోయకు పోయినట్టు కూడా ఇంట్లో తెలియదు. అంతకుముందు ఫోనులో నువ్వేమన్నావని అడిగాను.

"నేనేమంట? పోయొస్త అను అన్న. నువ్వు ఊకుంటివి. మూడుసార్లన్న, అప్పుడన్నవ్."

మర్నాడు బావ ఫోను తీసుకొని చూశాను. ఆదివారం సాయంత్రం ఐదూ తొమ్మిదికి ఒక కాల్ వచ్చినట్టు ఉంది. నంబరు ఉండాల్సిన చోట నంబరు లేదు. నా గడియారాన్ని ఆ ఫోనుతో కలిపి చూశాను. ఒక్క నిమిషం ముందుంది, అంటే ఆ గడప దగ్గర నేను చూసిన ఐదూ పదే. రీచార్జ్ దుకాణంలో అడిగితే, విదేశాల కాల్స్ కొన్ని అలాగే వస్తాయన్నారు. అయితే దుబాయ్‌లో పనిచేసే మన తెలంగాణ మనిషి ఎవరో వాళ్ల అవ్వకు చేయబోయి మాకు చేశాడేమో అనుకున్నాను. ఎంత దూరమైనా పోయి ఒక బోల్టు తెచ్చి బిగించాలన్నదే నా తాపత్రయం. ఎప్పుడో దుబాయ్ పోయినవాడు ఇప్పుడు పోయొస్త అని ఎందుకంటాడని అక్క అడిగింది.

చివరికి బావనే నిలదీశాను. అక్క కోలుకుంటే పహాడీ షరీఫ్ దర్గాకు వస్తానని అతను మొక్కుకున్నాడు. ఆ మొక్కు తీర్చడానికి ఇద్దరం పోయాం. గుట్ట మెట్ల మీద సగం దూరం ఎక్కాక కూర్చోబెట్టి అడిగాను. ఇక్కడ అబద్ధం ఆడవు కదా, ఆ గొంతు నీదేనా అని.

బావ కింద రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"చేద్దామనే అనుకున్న రా. నా ఫోన్ మీ అక్క చేతుల పెట్టి, పక్క మంచం పేషెంట్ కొడుకు ఫోన్ అడుక్కొని బయటికి పోయిన. నీ గొంతు రెండుసార్లు అని చూస్కున్న గూడ. పోయొస్త అక్కా, పోయొస్త అక్కా అని. నంబర్ కొడితే ఎంగేజ్ వచ్చింది. పరేషానై లోపలికి ఉరికొచ్చిన. అప్పటికే ఆమె ఫోన్ చెవి కాడ పెట్టుకొని నవ్వుతున్నది."

అతని ముఖం వంక చూశాను. బావ అబద్ధం ఆడితే ముక్కు గోక్కుంటాడు. ఆ రోజు గోక్కోలేదు. ఇది సాక్ష్యం కాదని నాకూ తెలుసు. అయితే బావ చేసి ఉంటే అక్కా అనేవాడు. అవ్వా అన్నది నేను, అదీ గడ్డం మీద పచ్చబొట్టున్న ఒక ముసలామెతో, సముద్రాలకు అవతల.

ఇన్నేళ్లయినా నా బోల్టు దొరకలేదు. చేతిలో ఫోను లేని నా మాట బావ ఫోనులోకి ఎలా వచ్చిందో తెలియదు. అక్క గొంతు ఆ గడప దాకా ఎలా వచ్చిందో తెలియదు. నోరు విప్పని ఆ ముసలామె నా చెయ్యి ఎందుకు పట్టుకుందో, నేను ఆ మాట అనకుండా చెయ్యి లాక్కొని వచ్చేసి ఉంటే ఆ సాయంత్రం దవాఖానలో ఏం జరిగి ఉండేదో అసలే తెలియదు. ఇది తలుచుకున్నప్పుడల్లా భయమేస్తుంది.

ఇది రాస్తున్నానని నిన్న అక్కకు చెప్పాను. రాయి గాని, అవ్వ అన్న ముచ్చట మాత్రం రాయకు, ఇజ్జత్ పోతది అంది. సరేనని, గడప దగ్గర చెప్పులేసుకున్నాను. అక్క లోపల బియ్యం ఏరుకుంటూ తల కూడా ఎత్తలేదు, ఏమీ అడగలేదు. ఈ మధ్య అడగడం మానేసింది. నేనే ఆగి, లోపలికి వినబడేలా పోయొస్త అన్నాను.

"ఆఁ, రా" అంది. అది విన్నాకే గడప దాటాను.